గోడలో వదిలిన కన్నం

బ్రాడ్‌ఫర్డ్,
1998 డిసెంబరు

అక్కకి తమ్ముడు అప్పలరాజు దండాలు.

నేనూ సరోజినీ బాగానే ఉన్నాం. ఈ మాట ముందే రాసేస్తున్నాను. ఉత్తరం చేతికి రాగానే చివరి పేజీ తిప్పి చూసే అలవాటు నీది. ఈసారి అలా చూస్తే కంగారు పడతావు. మొదటి నుంచి నెమ్మదిగా చదువు. నువ్వూ బావా ఎలా ఉన్నారు? నా మేనకోడలు జానకికి కాళ్ళ వాపులు తగ్గాయా? నెలలు నిండుతున్న పిల్ల, నీళ్ళ బిందెలు ఎత్తనివ్వకు. బావ చెరుకు కొట్టించడం మొదలెట్టాడా? గోవాడ పంచదార ఫ్యాక్టరీకి బళ్ళు తోలుతున్నారా? అన్నీ వివరంగా రాయి.

మొన్నటి ఫోను వల్లే ఈ ఉత్తరం రాస్తున్నాను. నువ్వు బజార్లో ఎస్టీడీ బూతుకి వచ్చి నిలబడ్డావు, నీ వెనక ఎవరెవరో మాట్లాడుకుంటున్నారు, మూడు మాటలకి రెండు మాటలు దారిలోనే పోతున్నాయి. పోకుండా నాకు వినపడ్డ మాట ఇదొక్కటి: "లచ్చిమికి గాలి సోకేసిందట కదరా. అందుకే జానకి పురిటి గదికి సీమ దూరే సందు లేకుండా మూయించేను. నువ్వేటీ బెంగెట్టుకోకు."

నేను వద్దు వద్దని అరిచాను. నీకది ఏడుపులా వినపడింది, ఊరుకోరా ఊరుకోరా అన్నావు. లైను పోయింది. మళ్ళీ చేస్తే బూతతను తీసి నువ్వు వెళ్ళిపోయావన్నాడు. అయినా ఇది ఫోనులో అరిచి చెప్పే సంగతి కాదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషివి నువ్వు. నీకు చెప్పాలంటే కూర్చోబెట్టి మొదటి నుంచీ చెప్పాలి. జానకి పురుడు పుష్యమాసంలో అన్నావు కనక ఉత్తరం ఆలోగానే అందుతుంది. రిజిస్టరు చేసి మరీ పంపుతున్నాను.

ముందు నా పని సంగతి. నేను ఇళ్ళు కొలుస్తానని నువ్వు చెబితే మన వీధిలో వాళ్ళు ఇళ్ళు జప్తు చేసే అమీను ఉద్యోగం అనుకుంటున్నారట. అంత గొప్పవాణ్ణి కాదు. ఇళ్ళకి మార్కులు వేసే టామ్ అనే పెద్దాయన వెనక టేపు పట్టుకుని తిరుగుతాను. మునిసిపాలిటీ వాళ్ళు తాము అద్దెకిచ్చిన ఇళ్ళలో ఏది ఎంత చలి ఇల్లో తెలుసుకోవాలని మమ్మల్ని పంపుతారు. మేం వెళ్ళి గదుల పొడవూ వెడల్పూ ఎత్తూ కొలుస్తాం. గోడ ఒకటే కట్టుబడా, రెండు వరసలు కట్టి మధ్యలో ఖాళీ వదిలారా చూస్తాం. అటక ఎక్కి, పైకప్పు కింద దూది పరుపులాంటిది పరిచారా, పరిస్తే ఎంత మందం అని చూస్తాం. కిటికీకి ఒక అద్దమా రెండద్దాలా, ఇల్లు వెచ్చబెట్టేది గ్యాసా కరెంటా, ఆ పొయ్యి పాతదా కొత్తదా, అన్నీ రాసుకొస్తాం. ఆఫీసులో కంప్యూటర్లో వేస్తే, ఆ ఇంటిని ఏడాది పొడుగునా వెచ్చగా ఉంచడానికి గజం జాగాకి ఎంత ఖర్చవుతుందో లెక్క తేలుతుంది. దాన్ని బట్టి నూటికి ఇన్ని అని మార్కులు. ఖర్చు తక్కువైతే మార్కులు ఎక్కువ. అంతే, ఇందులో బ్రహ్మవిద్యేమీ లేదు.

మొదట్లో నాకూ ఒక సంగతి అర్థం కాలేదు. ఒక ఇంట్లో ముసలావిడ కోటు వేసుకుని, కోటు మీద దుప్పటి కప్పుకుని, మంచంలో ముడుచుకుని ఉంది. గ్యాసు బిల్లుకి భయపడి పొయ్యి వెలిగించదు. ఆ ఇంటికి మాత్రం మంచి మార్కులే వచ్చాయి. ఇదేం న్యాయమని టామ్‌ని అడిగాను. మార్కులు ఇంటికి గాని మనిషికి కావన్నాడు. ఇంట్లో ఎవరున్నా గదులు ఇంత వెచ్చగా ఉంచుకుంటారనీ, రోజుకి ఇంతసేపు వెలిగిస్తారనీ ముందే అనుకుని లెక్క కడతారట. లేకపోతే ఒక ఇంటిని ఇంకో ఇంటితో పోల్చడం కుదరదట. అదీ నిజమే. కానీ ఆవిడ చలి మా కాగితంలో ఏ గడిలోనూ పడలేదు.

మార్కులు పోయే దారుల్లో గాలి ఒకటి. పొగగొట్టం ఉంటే మార్కులు తగ్గుతాయి, తలుపు కింద సందుంటే తగ్గుతాయి, గోడలో గాలి కోసం వదిలిన కన్నం ఉంటే తగ్గుతాయి. వెచ్చటి గాలి వాటిలోంచే కదా పోతుంది. అలా అని అన్నీ మూసెయ్యమని టామ్ ఎవరికీ చెప్పడు. గది వెచ్చబెట్టే గ్యాసు మంట ఉన్నచోట గోడ కన్నం కనపడితే పక్కన వేలితో తట్టి, ఇది ఇంటికి ముక్కు, మార్కుల కోసం ఎవరూ ముక్కు మూసుకోరు అంటాడు. ఈ మాట గుర్తు పెట్టుకో అక్కా. నా ఉత్తరమంతా దీని గురించే.

ఇక లక్ష్మి సంగతి. మన వీధి పైడమ్మత్త కూతురు గురించి నీకు నేను చెప్పేదేముంది, నీ చేతుల్లో పెరిగిన పిల్ల. మొగుడు సింహాచలం విశాఖపట్నంలో హోటల్లో వంట చేసేవాడు, ఇక్కడి హోటలు వాళ్ళు పిలిస్తే వచ్చాడు. మా ఇంటికి రెండు వీధుల అవతల పాత ఇల్లు అద్దెకు తీసుకున్నారు. ఈ ఊళ్ళో చలికాలం నాలుగింటికే చీకటి పడిపోతుంది, పలకరించే నాథుడుండడు. ఆదివారం వాళ్ళింటికి వెళ్ళి నాలుగు తెలుగు మాటలు మాట్లాడుకుంటే తప్ప వారం గడిచేది కాదు. లక్ష్మి ఎండుచేపల పులుసు పెడితే అటూ ఇటూ ఇళ్ళవాళ్ళు కిటికీలు మూసుకునేవారు. వాళ్ళది మేం కొలవాల్సిన ఇల్లు కాదు. అయినా ఒక ఆదివారం సరదాగా టేపు పట్టి కొలిచి, మార్కులు బాగా తక్కువ వస్తాయని చెప్పాను. "మా ఇల్లు ఫెయిలైపోయిందేటి బావా?" అని నవ్వింది. ఆ రోజే కింద గదిలో గ్యాసు మంట దగ్గర గోడ కన్నం చూపించి, దీన్ని మాత్రం మూయకని సింహాచలానికి చెప్పాను. వాడు విన్నాడు. వాడెప్పుడూ దాని జోలికి పోలేదు.

లక్ష్మికి నెలలు నిండుతుంటే ఊర్నించి పైడమ్మత్త వచ్చింది. మన వీధిలో ఆవిడ చెయ్యి పడకుండా పురుడు జరిగిన ఇల్లుందా? నన్నూ నిన్నూ భూమ్మీద పడేసింది ఆవిడే, జానకికి మొదటి స్నానం పోసిందీ ఆవిడే. సొంత కూతురి పురుడు దొరల దేశంలో అయితే మాత్రం ఊరుకుంటుందా? శొంఠి, వస, కరక్కాయ, సాంబ్రాణి, పొత్తిళ్ళకి మెత్తటి పాత నూలు చీరలు, అన్నీ మూట కట్టుకొచ్చింది. కుంపటి ఒక్కటే తేలేకపోయానని బాధపడింది. ఆస్పత్రిలో ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా ఇంటికి రాగానే కింద గది పురిటి గది అయింది. ఇక ఆ గడప దాటి మగవాళ్ళు పోకూడదు కదా. సింహాచలం గుమ్మం బయట నిలబడి పిల్లని చూసుకునేవాడు.

గోడకి ఉన్న గ్యాసు మంట చూసి అత్త సంబరపడింది, బూడిద ఎత్తక్కర్లేని కుంపటి అంది. కానీ గోడ కన్నంలోంచి చలిగాలి సన్నగా కొడుతోంది. బాలింత, పచ్చి ఒళ్ళు. అత్త ఒక పాత చీర చింపి మడతలు పెట్టి, అట్లకాడ కొనతో ఆ కన్నంలోకి కుక్కింది. కిటికీ సందుల్లోనూ కుక్కింది. మన ఊళ్ళో ఇన్నేళ్ళుగా ప్రతి ఇంట్లోనూ చేసిన పనే అది. సరోజిని చూడ్డానికి వెళ్ళినప్పుడు గది వెచ్చగా, సాంబ్రాణి వాసనతో, మనింట్లో ఉన్నట్టే ఉందని చెప్పింది. తిరిగొచ్చి తలనొప్పి అంది, సాంబ్రాణి పొగ పడలేదనుకున్నాం. సరోజిని నర్సే, అయినా తెలియలేదు. కన్నం మంచం తలాపి వెనక ఉంది. ఆ విషయం తలుచుకుని ఇప్పటికీ అన్నం ముందు కూర్చుని లేచిపోతోంది.

లక్ష్మి కూడా తల నొప్పి అనేది, తిన్నది కక్కుకునేది. చలి పట్టిందని అత్త మంట పెంచింది. చూశావా అక్కా, మంచికి పోతే చెడు ఎదురవడం అంటే ఇదే.

ఆ రోజు మధ్యాహ్నం తలంటి పోసి, సాంబ్రాణి వేసి, శొంఠిపొడి కలిపి అన్నం పెట్టి పడుకోబెట్టింది. పిల్ల ఏడుస్తుంటే తల్లి నిద్ర చెడుతుందని పిల్లని భుజాన వేసుకుని ముందు గదిలోకి తెచ్చింది. కాసేపటికి తలుపు తీసి తొంగి చూసింది. లక్ష్మి ముఖం ఎర్రగా మంచి రంగులో ఉందట. ఒళ్ళు పుంజుకుంటోంది, నిద్ర బాగా పట్టిందని మురిసిపోయి తలుపు మళ్ళీ వేసేసింది. టీ పెట్టుకుని లేపడానికి వెళ్ళేసరికి లేచే మనిషి లేదు.

గాలి సోకడం కాదక్కా. గాలి అందకపోవడం. గ్యాసు మంట పొగ పైకి పోవలసిన గొట్టంలో ఇటుక పెళ్ళలూ పిట్టగూడూ పడి మూసుకుపోయింది. ఇల్లుగలవాడు ఏనాడూ శుభ్రం చేయించలేదు. పైకి పోని పొగ గదిలోకే వచ్చింది. అది కంటికి కనపడదు, వాసన రాదు, దగ్గు రాదు. గోడ కన్నం తెరిచి ఉంటే బతికేదేమో, గొట్టం బాగుంటే బతికేదేమో. రెండూ మూసుకున్నాయి. రక్తం పరీక్ష చేసి డాక్టర్లు చెప్పిన మాట ఇది, నా ఊహ కాదు. పొగ మనిషి రక్తంలోకి పోతే చర్మం అలా ఎర్రగా అవుతుందట.

విచారణకి వచ్చిన ఆఫీసరు కన్నంలోంచి ఆ గుడ్డ లాగాడు. ఆకుపచ్చ అంచు నూలు చీర. అత్తకి ఇంగ్లీషు రాదు కనక మధ్యలో నన్ను కూర్చోబెట్టారు. ఈ గుడ్డ ఎవరు పెట్టారని ఆయన చాలా మెల్లగా అడిగాడు. నేను తెలుగులో అడిగాను. గాలి రానిచ్చి కూతుర్ని చంపుకున్నావని తనని నిందిస్తున్నారనుకుంది ఆ తల్లి.

"నానే ఎట్టేను బాబూ. గట్టిగా కుక్కేనని సెప్పు. నా కూతురు గుంట మీదికి ఇసుమంత గాలి రానియ్యలేదని సెప్పు."

ఆ మాటలు ఇంగ్లీషులో చెప్పాను. నా జన్మలో అంత కష్టమైన పని చెయ్యలేదు. ఆఫీసరు కలం కింద పెట్టి, ఈవిడకి తెలియదా అని నన్నడిగాడు. తెలియదన్నాను.

దహనం ఇక్కడే చేశాం. ఊరికి మాత్రం బాలింతకి గాలి సోకిందని కబురు పంపాడు సింహాచలం. బతికినన్నాళ్ళు అత్తకి ఈ బరువెందుకు, ఎవరికీ చెప్పొద్దని నా చేతులు పట్టుకున్నాడు. నాకూ అదే మంచిదనిపించింది. అందరం నోరు మూసుకున్నాం. తీరా ఆ అబద్ధం మన చోడవరం చేరి ఏం చేసింది? లక్ష్మికి గాలి సోకిందని విని నువ్వు జానకి గదికి సందులు మూయిస్తున్నావు.

పాపనీ అత్తనీ మేం మా ఇంటికే తెచ్చుకున్నాం. నీతో ఫోనులో నేను అరుస్తున్నప్పుడు అత్త వంటగదిలో పిల్లకి సీసాపాలు పడుతోంది. నేను వెళ్ళేసరికి ముఖం ఎత్తకుండా అడిగింది.

"జానకి గది మూత్తే నీకెందుకు బాబూ అంత బయం? నా గుంట దేనికి పోయిందో నీకు తెలుసు. ఇళ్ళు కొలిసేవోడివి. సెప్పు."

ఏదో ఒకటి చెప్పి తప్పించుకుందామనుకున్నాను. ఆవిడ పిల్లని సరోజిని చేతికిచ్చి, నా ఎదురుగా నేల మీద కూర్చుంది. చెప్పేశాను అక్కా. గొట్టం సంగతి, కన్నం సంగతి, గుడ్డ సంగతి, ముఖం ఎర్రబడ్డం సంగతి, అంతా చెప్పేశాను. అత్త ఏడవలేదు. నేను ఏడ్చాను. ఒక్క మాట మాత్రం అడిగింది. ఊళ్ళో ఇంతమంది బాలింతలకి కుంపటి పెట్టి తలుపులు మూశాను కదా, వాళ్ళెవరికీ ఏమీ కాలేదేమని.

దానికి జవాబు నా దగ్గర ఉంది, అదే నా పని కదా. అప్పటివన్నీ పెంకుటిళ్ళు. గోడకీ కప్పుకీ మధ్య చెయ్యి పట్టేంత సందు, పెంకుల మధ్య వేయి సందులు. తలుపులు మూసినా పొగ పైనుంచి పోయేది. మన పాత ఇంటిని టామ్ కొలిస్తే గుండు సున్నా వేస్తాడు. ఆ సున్నాయే అమ్మని బతికించింది, నిన్నూ నన్నూ బతికించింది. ఇదంతా చెబుతుంటే అత్త తలూపుతూ వింది. జన్మంతా నిప్పుతో పనిచేసిన మనిషి, నేను చెప్పేలోపే అసలు సంగతికి చేరిపోయింది. "మీ అక్కది డాబా ఇల్లు," అంది.

అవునక్కా. నీది డాబా. పైన స్లాబు, చుట్టూ సిమెంటు. దోమలు రాకుండా బావ వెంటిలేటర్లకి అద్దాలు కూడా బిగించాడని కిందటి ఉత్తరంలో మురిసిపోతూ రాశావు. టామ్ కాగితంలో గాలి పోని ఇల్లని మంచి మార్కులే పడతాయి. అందులో బొగ్గుల కుంపటి పెట్టి తలుపేస్తే, ఆ గదికీ లక్ష్మి గదికీ తేడా లేదు. బొగ్గుల నుంచీ అదే కనపడని పొగ వస్తుంది.

ఇది నేను నీకు రాసినా వినవని అత్తకి తెలుసు. సీమకి పోయి మన ఆచారాలు వెక్కిరిస్తున్నాడని అంటావు. అందుకని ఆవిడే చెప్పింది, చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"రాయి. మీ అక్క నీ మాట ఇనదు, సరోజిని మాటా ఇనదు. పైడమ్మ సెప్పిందని రాయి. గదిలో కుంపటి ఎట్టొద్దు. కిటికీ ముయ్యొద్దు. నాను మూసి ఏటి పోగొట్టుకున్నానో అదీ రాయి, దాపొద్దు."

కాబట్టి అక్కా, ఉత్తరం పక్కన పెట్టి ముందు బావని పిలిచి ఆ వెంటిలేటర్ల అద్దాలు తీయించు. సందుల్లో కుక్కిన గుడ్డలు నీ చేత్తో నువ్వే లాగు. కుంపటి పెరట్లో పెట్టుకోండి, నీళ్ళు కాచుకోండి, సాంబ్రాణి కూడా అక్కడే వేసుకోండి. జానకికి చలేస్తే ఇంకో దుప్పటి కప్పు, వేడినీళ్ళ సీసా గుడ్డలో చుట్టి కాళ్ళ దగ్గర పెట్టు. నిప్పున్న గదిలో ఎవరికైనా తలనొప్పి, వికారం, మగత వస్తే చలి పట్టిందనుకోకు, వెంటనే బయటికి తీసుకుపో. మన వీధిలో డాబాలు వేసుకున్న వాళ్ళందరికీ చెప్పు. చలికాలమంతా ఎవరో ఒకరి ఇంట్లో పురుడుంటుంది.

మా గురించి బెంగ పెట్టుకోకు, మేం బాగానే ఉన్నాం. పాప పాలు బాగా తాగుతోంది, రెండు పూటలా గొంతు చించుకుని ఏడుస్తోంది, అది మంచిదేనంటుంది సరోజిని. పిల్ల కాగితాలు వచ్చాక అత్త పిల్లని తీసుకుని ఊరొస్తుంది. జానకి పురిటికి మాత్రం అందదు. ఒక చిన్న సాయం చెయ్యి. నీ దగ్గర మెత్తటి పాత చీర ఏదైనా ఉంటే పాప పొత్తిళ్ళకి పంపు. అత్త తెచ్చిన చీరలన్నీ మూట కట్టి పక్కన పెట్టేసింది, ఒక్కటీ ముట్టుకోనివ్వడం లేదు.

బావకి నా నమస్కారాలు చెప్పు. వీధిలో పెద్దలందరికీ పేరు పేరునా దండాలు. జానకి సుఖంగా ప్రసవించాలని మేమిద్దరం దేవుడికి దండం పెట్టుకుంటున్నాం. నీ చల్లని దీవెన మా మీద ఉంచు. కిటికీలు తెరిచామని ఒక్క ముక్క రాసి పడేస్తే ఆ రోజు నేను నిద్రపోతాను.

నీ తమ్ముడు,
అప్పలరాజు

కింద నల్లగా ఉన్నది సిరా ఒలికిన మరక కాదు. పైడమ్మత్తకి సంతకం రాదు కదా. ఉత్తరం మొత్తం చదివించుకుని, తన మాటేనని నీకు నమ్మకం కుదరాలని వేలిముద్ర వేసింది. మొదటిది సరిగా పడలేదని, పక్కనే రెండోది గట్టిగా నొక్కింది.